మహబూబాబాద్‌లో దొరికిన అంతరిక్ష నౌక

ఉదయం ఏడు దాటాక జనగామ స్టేషన్‌లో రైలెక్కాను. చేతిలో ఒక ఖాళీ సంచి, అందులో పాత తువ్వాలు. అనుకున్నది దొరికితే అట్టపెట్టె మూలలు నలగకుండా చుట్టుకోవడానికి తెచ్చుకున్నాను. ఆదివారం కాబట్టి జనరల్ బోగీలో కూడా కిటికీ పక్కన చోటు దొరికింది. ఇడ్లీ స్టేషన్ బయటే తిన్నాను. ఈ దారిన వెళ్లేవారు అక్కడే తినడం మంచిది, కాజీపేట దాకా మళ్లీ సరైనదేమీ రాదు.

నేను పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు చేసి ఇచ్చే ల్యాబ్‌లో పనిచేస్తాను. సెలవు రోజుల్లో అంతరిక్ష నౌకల నమూనాలు కడతాను. అంటే పెట్టెలో ముక్కలుగా వచ్చే నౌకను సాన పట్టి, అతికించి, రంగు వేసి నిలబెట్టడం. ఊహాలోకపు నౌకలే నాకిష్టం, ఇంకా ఎవరూ ఎక్కనివి. నలభై దాటిన ఆడమనిషికి ఇదేం పిచ్చి అన్నవాళ్లందరికీ జవాబు చెప్పి చెప్పి మానేశాను. అసలు కష్టం అది కాదు, మంచి కిట్ దొరకకపోవడం. ఫోన్‌లో చూసి తెప్పిస్తే పెట్టె మీద బొమ్మ కళ్లు చెదిరేలా ఉంటుంది, లోపలి ముక్కలు ఒకదానితో ఒకటి అతకవు. కిందటేడు వచ్చిన చంద్రుడి బండికి ఒక చక్రమే లేదు. అమ్మినవాడికి రాస్తే నవ్వు బొమ్మ పంపాడు.

అలాంటప్పుడు నమూనాలు కట్టేవాళ్ల వాట్సాప్ గుంపులో ఒకావిడ, మహబూబాబాద్‌లో స్టేషన్‌కు దగ్గరలో ఒక స్టేషనరీ దుకాణం ఉందనీ, అక్కడ పాత జపాన్ కిట్లు విప్పకుండా ఉన్నాయనీ చెప్పింది. అదీ ఈ ప్రయాణానికి కారణం.

వరంగల్‌లో ఒక లంబాడా ఆమె ఎక్కి నా ఎదుట కూర్చుంది. కురవి దగ్గర తండాకు వెళ్తోందట. ఫోన్‌లో తమ భాషలో చాలాసేపు గట్టిగా మాట్లాడి, పెట్టేసి, నా ఖాళీ సంచి వైపు చూసింది.

"ఏం కొనవోతున్నవక్కా?"

"బొమ్మ ఓడ. ఆకాశంలో పోయేది."

"పిల్లలకా?"

"నాకే."

ఆమె నవ్వలేదు. "మంచిదే. నాకు సీరియళ్ల పిచ్చి, నీకు గిది" అని సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది. ఆ రోజు మొత్తంలో నాకు మిగిలిన మంచి ఏదన్నా ఉంటే ఆ జామకాయే.

మహబూబాబాద్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. స్టేషన్ నుంచి బజారులోకి నడిచే వెళ్లవచ్చు, ఆటో అక్కర్లేదు. దుకాణం ముందర నోటుపుస్తకాల దొంతరలు, థర్మాకోల్ పలకలు. లోపల గోడ పొడుగునా స్కూలు ప్రాజెక్టుల సామాన్లు. దుకాణదారును అందరూ సేటు అంటున్నారు, నేనూ అదే అన్నాను. తాతల నాటి నుంచీ వ్యాపారమట. నేను చెప్పింది విని నెత్తి గోక్కున్నాడు.

"ఫారిన్ డబ్బాలు అయిపోయినయ్ మేడం. హైదరాబాద్ పిల్లలు వచ్చి ఏరుకపోయిన్రు. ఒక్కటి మిగిలింది, ఎండకు ఖరాబైంది."

చూపించాడు. పెట్టె రంగు వెలిసిపోయింది, లోపలి స్టిక్కర్లు పచ్చబడి పొలుసులుగా లేస్తున్నాయి. నా ముఖం చూసి సేటు నిచ్చెన ఎక్కాడు.

"ఉండుండ్రి. గిది చూడుండ్రి. మన లోకల్ మాల్. భూపాలపల్లి పిలగాడు సొంతంగా చేస్తడు. ఫారిన్‌ది దీని ముందట బలాదూర్."

పెట్టె మీద నక్షత్రాల మధ్య దూరంగా ఒక నౌక నీడ, పైన "స్టార్ హంటర్" అని ఉంది. కింద తయారు చేసినవాడి పేరు, సదానందం. ఆ పేరు చూడగానే సంతోషం కలిగిందని చెప్పాలి. సదానందం నాకు తెలిసినవాడే. హన్మకొండలో ఒకే ల్యాబ్‌లో పని నేర్చుకున్నాం. నన్ను అక్కా అని పిలిచేవాడు, అచ్చులు పోయడంలో నాకంటే చురుకు. తర్వాత పని మానేసి సొంత ఊరు భూపాలపల్లికి వెళ్లిపోయాడు. మనవాడు ఇంత పని చేశాడే అనుకుంటూ మూత తీశాను.

అచ్చుల్లో పోసి గట్టిపరిచిన రెసిన్ ముక్కలు బూడిదరంగులో, శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా గాలిబుడగ లేదు, అంచులు కత్తిరించినట్టున్నాయి. ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్న నాణ్యత అదే. మొదట నౌక కాలి ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కాలి చివర వరుసగా గోళ్లు ఉన్నాయి. అవి గోళ్లు కావు. దవడపళ్లు.

ఎక్కడున్నా నా పళ్లు నేను గుర్తుపడతాను. మూడేళ్ల కిందట, కిట్లు దొరక్క విసిగిపోయి, నేనే ఒక నౌకను మొదటి నుంచి కట్టాను. ప్లాస్టిక్ రేకులు, పాత పెన్నులు, సిరంజీలు, గడియారపు చక్రాలు వాడాను. గ్రహశకలాలను తవ్వే నౌక అది. నేలను తొలుచుకుపోయే పురుగులా ఉంటుందని కుమ్మరిపురుగు అని పేరు పెట్టుకున్నాను. తవ్వే కాళ్లకు, రంగు కుదరలేదని డాక్టరు వెనక్కి పంపిన కట్టుడు పళ్లు అతికించాను. అందులో ఒక పంటి మీద నా బ్లేడు జారి వంకర గీత పడింది. ఇప్పుడు ఈ రెసిన్ ముక్క మీద అదే పన్ను, అదే గీత.

ఆ నౌకను హైదరాబాద్‌లో ప్రదర్శనకు పెడతానని సదానందమే తీసుకెళ్లాడు. తిరిగి వస్తుంటే బస్సులో పై అరలోంచి పడి పగిలిపోయిందని ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఏడ్చాడు. నేనే ఓదార్చాను. పోతే పోయింది, నీకు దెబ్బ తగల్లేదు కదా అన్నాను.

"ఏమైంది మేడం, నచ్చలేదా?" అన్నాడు సేటు.

కొన్నాను. బేరమాడలేదు. ఆ పెట్టెను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బస్టాండ్‌కు నడిచాను.

మహబూబాబాద్ నుంచి భూపాలపల్లికి నేను పట్టిన దారిలో ఎవరినీ వెళ్లమనను. నర్సంపేట బస్సెక్కి, అక్కడ ములుగు వైపు మారి, అక్కడి నుంచి ఘనపూర్ మీదుగా పోయే బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. రైల్లో వరంగల్ తిరిగొచ్చి బస్సెక్కితే సుఖం. కానీ వెనక్కి వెళ్లడానికి ఆ పూట మనసొప్పలేదు. నర్సంపేటలో భోజనం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాను. ములుగు దాటాక రోడ్డు పక్కన మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పక్క సీటు పెద్దాయన, "తల్లీ, పానం బాగలేదా? కిటికీ జరుపుకో" అన్నాడు. జరుపుకున్నాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. ఒక్క మాటా కుదరలేదు.

భూపాలపల్లిలో దిగేసరికి మూడైంది. బొగ్గు లారీల వల్ల రోడ్డు అంచులు నల్లగా ఉన్నాయి. పెట్టె మీది చిరునామా చూపిస్తే ఆటో అతను నేరుగా ఇంటి ముందు దింపాడు. తలుపు తీసింది సదానందం భార్య లత. పాత ల్యాబ్ స్నేహితురాలినని చెప్పగానే మంచినీళ్లు ఇచ్చి, పక్క గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ బల్లల మీద రబ్బరులాంటి సిలికాన్ అచ్చులు, గోడ పొడుగునా పెట్టెలు ఉన్నాయి.

"బొగ్గు గనుల కంట్రాక్టు పని పోయినంక ఇదే పని పెట్టుకున్నడక్కా. ఎవ్వలు నేర్పలే. అంత ఆయన బుర్రల నుంచి వచ్చిందే" అంది గర్వంగా.

అప్పుడే సదానందం లోపలికొచ్చాడు. నన్ను చూసి నవ్వబోయి, నా ఒళ్లో ఉన్న పెట్టె చూసి ఆగిపోయాడు. నేను ఆ కాలి ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

"ఈ పన్ను ఎవరిది సదానందం?"

లత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నా పురుగేది?"

"లేదక్కా. మొత్తం అతికి ఉన్నదానికి అచ్చు ఎట్ల తీస్తరు? రంపంతో కోసిన. పగిలిందని చెప్పిన కదా. గది అబద్ధం కాదు."

"ఏడ్చినవ్ కూడా."

"ఏడుపు నిజంగనే వచ్చింది." తల దించుకుని అన్నాడు. వెంటనే గొంతు పెంచాడు. "నువ్వు ఒక్కటి చేసి అల్మారీల పెట్టుకున్నవ్. ఎవరు చూసిన్రు? నేను దాన్ని ఊరూరికి పంపిన. జనం ముచ్చటపడి కొంటున్నరు. అడిగితే ఇస్తుంటివా?"

"ఇస్తుంటి" అన్నాను. "పేరొక్కటి పెట్టమంటుంటి. నా పేరు గూడ కాదు, పురుగు పేరు."

అతను ఆ కాలి ముక్కను బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. మెల్లగా అన్నాడు: "ఇప్పుడు డబ్బాల మీద పేర్లన్నీ అచ్చయిపోయినయ్. ఇంకోటి చెయ్యక్కా. సగం సగం పంచుకుందాం. నీ చెయ్యి, నా అచ్చు."

కుమ్మరిపురుగు బురదలోనే తిరుగుతుందిగానీ దానికి బురద అంటదు అనేవాడు మా బాపు. ఆ మాట మంచివాళ్ల గురించి చెబుతారని అనుకునేదాన్ని, ఇలాంటివాళ్లకూ సరిపోతుందని అప్పుడే తెలిసింది. "నీ చేతికి ఇంకేదీ ఇయ్య" అని లేచాను. అరవాలనుకున్నాను, అచ్చులు కోసి పారేయాలనుకున్నాను. బల్ల మీద కత్తి కూడా ఉంది. కానీ ఆ అచ్చుల్లోనే కదా నా నౌక ఇంకా ఉంది. వాటిని కోస్తే దాన్ని రెండోసారి కోసినట్టే. ముక్కను పెట్టెలో, పెట్టెను సంచిలో పెట్టుకుని బయటికి నడిచాను.

లత వీధి చివరి దాకా నా వెనకే వచ్చింది.

"నేనొకనాడు అడిగినక్కా, ఇవి నోట్లె పండ్ల లెక్కున్నయేంది అని. నవ్విండు." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "నువ్వు చెప్పింది నిజమే అనిపిస్తంది. కానీ ఎక్కడ చెప్పకు. దీని మీదనే ఇల్లు నడుస్తుంది. పిల్లలున్నరు."

నేను మాట ఇవ్వలేదు. కాదనీ అనలేదు. ఆమె దండం పెట్టింది. ఆ దండం తీసుకోవడం అతని మాటలు వినడం కన్నా కష్టమైంది.

సాయంత్రం హన్మకొండ బస్సెక్కాను. భూపాలపల్లి నుంచి రేగొండ, పరకాల మీదుగా పోతుంది, సీట్లు సులువుగా దొరుకుతాయి, ఇది మంచి దారి. నమూనాల కోసం ఈ వైపు వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. జపాన్ కిట్లు అయిపోయాయి. లోకల్ కిట్ ఒకటి ఉంది, చాలా మంచిది. ముక్కలు చక్కగా అతుకుతాయి, గీతలు స్పష్టంగా పడ్డాయి, ఒక్క పన్ను మీది వంకర గీత తప్ప తప్పేమీ లేదు. ఇన్నేళ్ల వెతుకులాటలో ఇంత నాణ్యమైనది నాకు దొరకలేదు. దొరికినందుకు సంతోషించడం మాత్రం చేతకాలేదు.

రేగొండలో ఎక్కిన ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. తువ్వాలు జారి పెట్టె బయటపడితే వంగి చూశాడు.

"గిట్లాంటివి యాడ దొరుకుతయ్ మేడం? మా బిడ్డకు ఇసుంటివంటే పానం."

"మహబూబాబాద్‌లో. స్టేషన్ దగ్గర."

"మంచిగుంటదా?"

"మంచిగుంటది."

"ఎవరు చేసిన్రట?"

"నేనే" అన్నాను.

ఆయన పెట్టె మీది పేరు చదివి, నా ముఖంలోకి చూసి, ఫక్కున నవ్వాడు. "మస్తు జోకేసిన్రు మేడం" అన్నాడు. పరకాలలో దిగేముందు, సదానందం పేరు కనపడేలా పెట్టెకు ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లాడు.