ఇల్లిల్లూ తిరిగిన మా అత్త

మొన్న శుక్రవారం తెల్లవారుతుండగా మా మేనత్త పోయింది. ఉడుమలైపేటలో ఆమె తట్టని తలుపు లేదు. వార్త విని "అయ్యో" అన్నవాళ్ళున్నారు, "ఇక రాదులే" అని ఊపిరి పీల్చుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నా కోపం ఆమెను ఆ తలుపుల మీదికి తోలినవాళ్ళ మీద.

ఆమె మా నాయనకు చెల్లెలు. కుంపిణీ దొరతనం పోయి రాణిగారి దొరతనం వచ్చిన కొత్తలో, చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. పత్తి ఏరేటప్పుడు ఆమె నవ్వు పక్క చేనిదాకా వినబడేది. ఎవరింట పురుడైనా, ఎవరికి జ్వరమైనా పిలవకుండానే వెళ్ళేది. గానుగ ఇంటామె ఆమెకు ప్రాణస్నేహితురాలు.

ఊరి చివర బంగళాలో, కడప వైపు నుంచి వచ్చిన ఒక దొరసాని ఆడవాళ్ళకు తెలుగులో చదువు చెబుతుంటే అత్త వెళ్ళి నేర్చుకుంది. ఆమె కిరస్తానీ మతంలోనూ చేరింది. అందరూ తమిళం దిద్దే ఊళ్ళో నాకు ఇసుకలో తెలుగు అక్షరాలు దిద్దించింది ఆమే. "తప్పు రాస్తే తుడిచేయిరా, ఏడవొద్దు" అనేది. ఈ నాలుగు ముక్కలు ఆమె పెట్టిన భిక్ష. ఆమె నమ్మిన దేవుడితో నాకే తగవూ లేదు.

దొరసాని వెళ్ళిపోయాక ఆ బంగళాకు ఒక బోధకుడు వచ్చాడు. ఆడవాళ్ళకు వీధులు పంచి, రోజూ ఇల్లిల్లూ తిరిగి బోధించమన్నాడు. మీరు చెప్పక ఎవరైనా నరకానికి పోతే ఆ పాపం మీదే అన్నాడు. ఎవరైనా వినకపోతే మీ విశ్వాసం చాలలేదన్నాడు. తాను మాత్రం ఒక్క గడపా ఎక్కలేదు!

ముఖాన తలుపు వేసిన రోజు అత్త అన్నం ముట్టేది కాదు. ఊరికే పలకరించడం మరిచిపోయింది. కూర్చోగానే గొంతు మారి బోధకుడి గొంతు వచ్చేది. ఆమెను చూసి పిల్లలు లోపలికి పరుగెత్తేవాళ్ళు. చివరికి గానుగ ఇంటామె కూడా గడపలోనే ఆపింది.

"అక్కా, మాట్లాడేదానికైతే రా. ఆ బోధన ఎత్తేదైతే పో."

అత్త తిరిగొచ్చేసింది, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ వేసవిలోనే వాంతిభేది తగిలి గానుగ ఇంటామె చచ్చిపోయింది. అత్త బంగళాకు పరుగెత్తింది. నేనూ వెంట వెళ్ళాను.

"అయ్యా, నేను ఇంగొకతూరి పోయుంటే ఆమె నరకం తప్పించుకొనుండునా?"

"పోయుండాల్సిందమ్మా" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఏడుస్తున్న మనిషికి ఇవ్వవలసిన జవాబా అది? ఆ మాటను అత్త ఏళ్ళ తరబడి మోసింది. సొంత ఇంటి గుమ్మంలో నిలబడి "లోపలికి రావచ్చునా?" అని అడిగేది. కాళ్ళు పడిపోయాక బంగళా నుంచి ఒక్కరూ తొంగి చూడలేదు. ఆమె వీధిని ఇంకొకామెకు ఇచ్చేశారు.

మొన్న చలికాలంలో గానుగ ఇంటామె కూతురు చంటిబిడ్డతో మా ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, మాయమ్మ సాయంత్రమైతే తిన్నె మీద కూర్చొని నీకోసం చూస్తా ఉణ్ణింది. నీ బోధన వద్దనె. నువ్వు వద్దనలే."

"నా వల్ల నరకానికి పోయిందనుకుంటి గదమ్మా."

"మాయమ్మా? ఎవురికేం చెడు చేసిందని? ఎవురు చెప్పిరి నీకిదంతా?"

అత్త వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటినుంచి ఆ పిల్ల రోజూ వచ్చేది.

పాతిపెట్టే రోజున బోధకుడు వచ్చాడు. అత్త ఎన్ని ఆత్మలను రక్షించిందో చెప్పి, చేరిన ఆడవాళ్ళకు బోధ మొదలుపెట్టాడు. గానుగ ఇంటి పిల్ల లేచి నిలబడింది.

"అయ్యా, ఈ పొద్దన్నా చాలించండి. మా పెద్దమ్మ కోసం మమ్మల్ని ఏడవనీండి."

ఆయన చేతిలోని పుస్తకం మూసి పక్కకు తప్పుకున్నాడు.

పోవడానికి రెండు రోజుల ముందు అత్త ఎండలో గోడకు ఆనుకుని, చాచిన కాళ్ళ మీద ఆ పిల్ల చంటిబిడ్డను పడుకోబెట్టుకుని నూనె రాసింది. బిడ్డ ఆమె ముఖం చూస్తూ ఊఁ కొడుతోంది. అత్త బోధన ఎత్తలేదు. చేతులు ఆపి, తల వంచి, వింటూ కూర్చుంది.