ఎక్కించే బోల్టు ముందు

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో మూడు నెలలుగా వెల్లుల్లి వాసన వస్తోంది. తాజా వెల్లుల్లి అయితే సర్దుకుపోయేవాళ్లం. ఇది మూత పెట్టి మరిచిపోయిన జాడీలో ముగ్గిపోయిన వెల్లుల్లి. మూడో అంతస్తులో ఉండే వసుంధరగారు ఊరగాయలు పట్టి తెలిసినవాళ్లకు అమ్ముతారు కనుక విచారణ ఎక్కువసేపు సాగలేదు. సంఘం తరఫున ఆవిడకు ఒక ఉత్తరం వెళ్లింది. ఉత్తరాలు బాగా రాస్తానన్న అపవాదు నా మీద ఉంది కాబట్టి అది నేనే రాశాను. 'తమ వ్యాపారాభివృద్ధిని మనసారా కోరుకుంటూనే' అని మొదలుపెట్టి, జాడీల మూతల దగ్గర మర్యాదగా ముగించాను. ఆవిడ జవాబివ్వలేదు. ఆ రోజు నుంచి లిఫ్టు మానేసి మెట్లెక్కి వెళ్తున్నారు. వాసన మాత్రం లిఫ్టును వదల్లేదు.

నిన్న ఉదయం సెల్లార్‌లో కారు తాళం వేసి లిఫ్టు కోసం నిలబడ్డాను. వాసన గుప్పుమంది. చిత్రంగా చిరాకు వేయలేదు, యాదగిరి గుర్తొచ్చాడు. కార్ల గేర్‌బాక్సులో పోసే నూనెకు అచ్చం ఇదే వాసన ఉంటుంది. అందులో గంధకం కలుస్తుందట. ఇంజన్ ఆయిల్ సంగతి అందరికీ తెలుసు. దానికి ప్రకటనలున్నాయి, అభిమానులున్నారు. గేర్ ఆయిల్ మాత్రం పెట్టె అడుగున ఏళ్ల తరబడి ఎవరి పలకరింపూ లేకుండా పని చేసుకుపోతుంది. ఇంత వాసనలో ఇంత మంచి జ్ఞాపకం దొరికినందుకు సంతోషించి, వాసన గురించి మరింక ఆలోచించకుండా పైకి వచ్చి, ఇది రాయడానికి కూర్చున్నాను.

యాదగిరి షెడ్డు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది. పదకొండేళ్ల కిందటి మాట. అప్పటికి ఆయనకు యాభై ఉంటాయి. మెదక్ వైపు పల్లె నుంచి కూలి పనికి వచ్చి, లారీల కింద పడుకుని మరమ్మతు నేర్చుకున్నాడు. నేనప్పుడు ఒక పాఠ్యపుస్తకాల సంస్థలో అమ్మకాల ప్రతినిధిని. జిల్లాలు తిరగడానికి సొంత కారు ఉండాలన్నది ఉద్యోగ షరతు. ఆ కారు నాకు కుదిర్చింది యాదగిరే. అమ్మినాయన అంజయ్యగారు. లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్లు ఆ కారును యాదగిరి చేత తప్ప మరొకరి చేత ముట్టించలేదు. కారు అమ్మేశాక కూడా ప్రతి ఆదివారం గొడుగు చేతబట్టుకుని షెడ్డుకు వచ్చేవారు. ఆయన సందు మొగలో కనబడగానే యాదగిరి ఎదురు కొట్టుకేసి రెండు వేళ్లు చూపించేవాడు. రెండు చాయ్‌లు వచ్చేవి. పెద్దగా మాట్లాడుకునేవారు కారు. అంత స్నేహం.

గేర్ ఆయిల్ మార్చే వేళైందని కారు తీసుకువెళ్లిన మొదటిసారే యాదగిరి చెయ్యి చాపాడు.

"బుక్కేది?"

"ఏ బుక్కు అన్నా?"

"బండితోని కంపెనోడు ఇచ్చిన బుక్కు. ఏ నూనె పొయ్యాల్నో అండ్ల ఉంటది."

"కారుల లేదన్నా. అయినా నీకు తెల్వదా?"

"నాకెరుకనే. అయినా సదువాలె. నా నోటిమాట నువ్వు నమ్మొద్దు, నీ సదువు నేను నమ్మ. మనిద్దరికి బుక్కే పెద్దమనిషి. ఏం పని జేస్తవ్ సార్ నువ్వు?"

"పుస్తకాలు అమ్ముతా."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "అమ్ముతవ్ గని సదువవ్ అన్నట్టు," అని పక్క బండి కిందికి దూరిపోయాడు.

అది ఆయన పద్ధతి. యజమాని పుస్తకం తెచ్చి, నూనె పేజీ పైకి చదివితే గాని సీసా మూత తియ్యడు. నాకది చాదస్తంగా కనిపించింది. నేను తిన్నగా ఆబిడ్స్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. గేర్ ఆయిల్ అడిగితే కౌంటర్ దగ్గరి మనిషి "నాలుగో నంబరా, ఐదో నంబరా?" అన్నాడు. నాకు ఎం.కామ్‌లో ఫస్టు క్లాసు వచ్చింది. నాలుగు కంటే ఐదు పెద్దదని ఒకరు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఐదు కొన్నాను. గౌలిగూడ దారిలో, పుస్తకాలూ గిస్తకాలూ అడగని ఒక షెడ్డులో పోయించాను. ఇరవై నిమిషాల్లో పనైపోయింది. యాదగిరి కాలానికి వెనకబడ్డాడని జాలిపడ్డాను కూడా.

మూడు వారాలకు రెండో గేరు వేసినప్పుడల్లా లోపల ఎవరో పళ్లు కొరుకుతున్న చప్పుడు మొదలైంది. తర్వాత మూడో గేరు కూడా గొంతు కలిపింది. ఒక పెద్ద గ్యారేజీలో చూపిస్తే గేర్‌బాక్సు విప్పాలి, పదిహేను రోజులు పడుతుందన్నారు. అది జూన్ నెల. సోమవారం నేను సిద్దిపేటలో ఉండాలి. జూన్‌లో బడుల ఆర్డర్లు తేలేని ప్రతినిధికి మా సంస్థలో జూలై ఉండదు. శనివారం పొద్దున్నే యాదగిరి ముందు నిలబడ్డాను.

"గిప్పుడే పెట్టె ఎందుకు ఇప్పాలె? ముందుగాల నూనె జూద్దాం," అన్నాడు. నూనె వేడెక్కాలని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు రెండు చుట్లు తిప్పాడు. వేడి మీదైతేనే అడుగున పేరుకున్న చెత్తంతా నూనెతో పాటు దిగుతుందట. తర్వాత కారును పైకెత్తి, దిమ్మల మీద నిలబెట్టి, కిందికి దూరాడు. నేను వంగి చూస్తున్నాను. పానా తీసుకెళ్లి అడుగు బోల్టుకు కాకుండా పక్కన, మీద ఉన్న బోల్టుకు పెట్టాడు. నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

"అన్నా, కిందిది గదా ఇప్పాల్సింది?"

జవాబు చెప్పడానికి ఆయన ప్రత్యేకంగా బయటికి వచ్చాడు. "కిందిది ఇప్పితే పాత నూనె పోతది. పోయినంక మీదిది తుప్పు పట్టి రాలేదనుకో, ఏం జేస్తవ్? కొత్తది పోసే తొవ్వ ఉండది. బండి ఈడనే కూసుంటది, దాని పక్కకు నువ్వు కూసుంటవ్. ఎక్కిచ్చే బోల్టు ముందు, దింపే బోల్టు ఎన్క."

"ఎవలన్న గట్ల చేసిన్రా?"

"నేనే జేసిన. ఒక డాక్టర్ బండి. మూడు దినాలు ఆయన ఆటోల దవాఖానకు పోయిండు. బోల్టు కరాబున్నదని చెప్తే అయిపోతుండె. నా తప్పని చెప్పిన. ఇప్పటికీ నా తాన్నే చేయిస్తడు."

మీది బోల్టు కదిలాకే కింది బోల్టు విప్పాడు. నూనె పళ్లెంలోకి జారింది. వేలు ముంచి ఎండలో పెట్టాడు. వేలి మీద సన్నటి బంగారు రవ్వలు మెరిశాయి. బంగారం కాదు, ఇత్తడి. వాసన చూశాడు. ముఖం మారిపోయింది.

"ఐదో నంబర్ ఇది. ఎవ్వలు పోసిన్రు?"

ఆ క్షణంలో నా కారు దిమ్మల మీద, లోపల చుక్క నూనె లేకుండా ఉంది. పుస్తకం తెమ్మంటే వినకుండా వేరేచోట పోయించానని చెబితే, 'పోయ్ ఆడనే చేయించుకో' అంటాడని భయం వేసింది. సోమవారం కళ్ల ముందు కనబడింది.

"పాత ఓనర్ పోయించినట్టుంది," అన్నాను.

"అంజయ్య సారా?"

అవునని అనలేదు. తల మాత్రం ఊపాను. తల ఊపడం అబద్ధం కింద రాదని అప్పట్లో నాకొక అభిప్రాయం ఉండేది. యాదగిరి చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "రేపు బుక్కు పట్కరా. పోస్త," అన్నాడు.

అంజయ్యగారిని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. కనుక ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో వెతికాను. ట్రాక్టర్ పుస్తకం దొరికింది. బట్టలుతికే మిషను పుస్తకం దొరికింది. ఎం.కామ్ నోట్సు దొరికాయి, చూడబోతే మా కాలేజీవే. మా కారు పుస్తకం దొరకలేదు. ఖాళీ చేతులతో షెడ్డుకు వెళ్లేసరికి అంజయ్యగారు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు. యాదగిరే ఫోన్ చేశాడట. ఆయన చేతిలో, బడిపిల్లల పుస్తకంలా ఖాకీ అట్ట వేసి, మీద చీటీ అంటించిన కారు పుస్తకం ఉంది. చాయ్ రాలేదు. యాదగిరి చేతులు రెండూ ఒక గుడ్డపేలికతో పనిలో ఉన్నాయి.

"నా పెట్టెల్నే ఉండె యాదగిరీ," అన్నారాయన, పుస్తకం నా చేతికిస్తూ. "బండి ఇచ్చి బుక్కు ఉంచుకున్న. నాదే గల్తీ. మాఫ్ చెయ్యి బాబూ."

"బుక్కు సంగతి గట్లుంచు సార్," అన్నాడు యాదగిరి, ఆయన వైపు చూడకుండా. "తొమ్మిదేండ్లు నా తాన చేయించినవ్. అమ్మేటప్పుడు వేరేటోని తాన ఐదో నంబర్ పోయించినవ్. నా మీద యకీన్ లేకుంటే నాకే చెప్పకపోతివా?"

"నేనా?" అన్నారు అంజయ్యగారు. యాదగిరిని చూశారు, నన్ను చూశారు. వాదించే మనిషి కాదు. పై అధికారులు చేసిన తప్పులకు సంజాయిషీలు రాస్తూ సర్వీసంతా గడిపినవారు. "నేనైతే పోయించలే. పోయించిన్నని నీకనిపిస్తే ఇగ నేనేం జెప్త," అని గొడుగు అందుకున్నారు.

నేను పుస్తకం ఆఖరి పేజీ తెరిచి ఉన్నాను. అందులో ఆయన గుండ్రటి చేతిరాత. తొమ్మిదేళ్లలో నూనె మార్చిన ప్రతిసారీ తేదీ, నంబరు, కింద పొట్టి సంతకం. అన్నీ నాలుగులే. యాదగిరికి ఇంగ్లీషు చదవడం రాదు. ఆ పేజీ మూసేస్తే చాలు, నా సోమవారం నాకుంటుంది. అంజయ్యగారు అప్పటికి సందులో సగం దూరం వెళ్లారు. వచ్చే ఆదివారం రాని మనిషి నడకలా ఉంది.

"సార్, ఆగున్రి," అన్నాను. "నేనే పోయించిన."

సరిగ్గా అప్పుడే స్టేషన్‌లో ఏదో రైలు ఆలస్యమని ప్రకటన మొదలైంది. అది మూడు భాషల్లోనూ పూర్తయింది.

"ఎందుకు పోయించినవ్?" అన్నాడు యాదగిరి.

"నాలుగు కంటే ఐదు పెద్దది గదా అని."

అంజయ్యగారు వెనక్కి నడిచి వచ్చారు. "ఎంత సదివిండు?" అని అడిగారు, నన్ను కాదు, యాదగిరిని.

"ఎం.కామ్ అంట."

"గందుకే," అన్నారు.

యాదగిరి ఎదురు కొట్టుకేసి చెయ్యెత్తాడు. మూడు వేళ్లు. తర్వాత నా వైపు తిరిగి, "అంగి ఇప్పు," అన్నాడు. కొడతాడనుకున్నాను. న్యాయంగానే ఉంటుందని కూడా అనుకున్నాను.

"కిందికి పో. నువ్వే పొయ్యాలె."

ముందు పేజీ పైకి చదివించాడు. నాలుగో నంబరే. తర్వాత నేను వెల్లకిలా పడుకుని గొట్టంతో నూనె ఎక్కిస్తుంటే, ఆయన పక్కన గొంతుకూర్చుని చాయ్ తాగుతూ పాఠం చెప్పాడు. "లోపల ఇత్తడి రింగులుంటయ్ సార్. గేర్ పడాలంటే గవి జర రాసుకోని పట్టుకోవాలె. ఐదో నంబర్ల మందు ఎక్కువ. మస్తు జారుతది, పట్టు దొరకది. గది గాక ఇత్తడిని తింటది. పెద్ద నంబర్ వేరే తీరు బండ్లకు. నీ పెద్దరికానికి గాదు." నూనె నిండి, బోల్టు రంధ్రం లోంచి పొర్లి, మోచేతి మీదుగా చంకలోకి కారింది. నిండిందనడానికి అదే గుర్తట. తిట్లు ఇంకా రాలేదేమని అడిగాను. "తిడితే రేపు ఇంకొకడు చెప్పడు," అని గ్లాసు కడగడానికి లేచాడు.

సోమవారం సిద్దిపేట దాకా రెండో గేరు అప్పుడప్పుడూ గొణిగింది. నెల తిరిగేసరికి అదీ మానేసింది. సిద్దిపేటలో ఒక హెడ్మాస్టరు మాత్రం నేను కూర్చోగానే కిటికీ తెరిపించి, "ఇంట్లో ఊరగాయలు పెడుతున్నారా?" అని అడిగాడు. ఆర్డరు ఇచ్చాడు. త్వరగా పంపేయడానికి ఇచ్చాడని నా నమ్మకం.

ఆ తర్వాత నేను ఆ ఉద్యోగం మానేశాను, కొత్త ఉద్యోగం కాగితం చేతికొచ్చాక. ఇల్లు మారాను, నాంపల్లిలోనే ఈ ఫ్లాట్ తాళం చేతికొచ్చాక. ఎక్కించే బోల్టు ముందు తిప్పి చూసుకోకుండా ఇప్పటిదాకా ఏదీ దించలేదు. ఇంట్లో దీన్ని పిరికితనం అంటారు. అంజయ్యగారు మూడేళ్ల కిందట పోయారు, ఒక ఆదివారం, చాయ్ తాగి ఇంటికి వెళ్లాక. ఆ తర్వాత కొద్ది రోజులకే యాదగిరి మోకాళ్లు సహకరించక సొంతూరు చేరాడు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కారు మాత్రం అదే. ఖాకీ అట్ట పుస్తకం అందులోనే ఉంది. ఆఖరి పేజీలో అంజయ్యగారి గుండ్రటి రాత కింద నా కోడిగీతలు మొదలవుతాయి. వాటిలో చివరిది ఏ సంవత్సరానిదో ఈ వ్యాసానికి అంత ముఖ్యం కాదు.

ఇంతవరకు రాసి, నిన్న సాయంత్రం యాదగిరికి ఫోన్ చేశాను. ఆయన గురించి రాస్తున్నానంటే "నా గురించి రాసేటందుకు ఏమున్నది?" అన్నాడు గాని, విన్నాడు. లిఫ్టు వాసన దగ్గర ఆపాడు.

"యాడ ఎక్కువొస్తది వాసన? మూడో అంతస్తులనా?"

"లేదన్నా. కింద, సెల్లార్‌ల."

"లిఫ్టు పక్కకు ఎవ్వల బండి ఉంటది?"

నేను సెల్లార్‌ను మనసులో ఒకసారి చూసుకున్నాను. లిఫ్టు పక్కనే నిలిపే నా కారు కింద నల్లటి మరక ఒకటి ఉండాలి. దాన్ని వాన నీళ్ల మరక అనుకుని రోజూ దాటి వెళ్తున్నాను. వసుంధరగారి మెట్లు గుర్తొచ్చాయి. మూడంతస్తులకు ఎన్ని మెట్లుంటాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

"సార్, ఉన్నవా?" అన్నాడు యాదగిరి. "మల్లా ఇంకొకల మీద పెట్టినవా?"