ముందు గదికీ వంటింటికీ మధ్య కంచుకి

మా చిన్నప్పుడు... యలహంక పాత ఊళ్ళో మా ఇంట్లో రెండు రాజ్యాలుండేవి. ముందు గది తాతది. వంటిల్లు, దాని వెనక పెరడు అవ్వవి. మధ్యలో పొడుగాటి చీకటి నడవా. అమ్మా నాన్నా పొద్దున్నే డ్యూటీలకి వెళ్ళిపోతే, ఆ నడవాలో అటూ ఇటూ తిరిగేది నేనొక్కదాన్నే.

తాతా అవ్వా మాట్లాడుకునేవాళ్ళు కారు. అవ్వ పక్కింటి నర్సమ్మతో చర్చికి వెళ్ళడం మొదలుపెట్టి, ఒక ఆదివారం బాప్తిస్మం తీసుకుని ఇంటికొచ్చింది. తాత కోపం దేవుడి మీద కాదు... తనకొక మాట చెప్పలేదని. చెబితే ఒప్పుకునేవాడా అని అవ్వ పంతం. అంతే... నాలుగేళ్ళు గడిచిపోయాయి.

"మీ అవ్వనడుగు పాపా, కాఫీ ఉండాదేమో."

"మీ తాతతో చెప్పుపో, మాత్ర ఏసుకోకుండా కాఫీ లేదని."

ఇవీ నేను మోసిన కబుర్లు. రోజుకి ఎన్నిసార్లు తిరిగేదాన్నో... కాళ్ళు పీకేవి.

తాత ముందు గదిలో టైపు మిషను పెట్టుకుని జనానికి అర్జీలు కొట్టిచ్చేవాడు. నా బడిలో కన్నడ, ఇంగ్లీషు తప్ప తెలుగు లేదని ఆయనకు బెంగ. అందుకే రోజుకో మాట నేర్పేవాడు. పాడైపోయిన అర్జీ కాగితం వెనక మాట రాసి, అర్థం చెప్పేవాడు. నేను దాన్ని సొంత వాక్యంలో వాడాలి.

ఒకరోజు 'కంచుకి' అని రాశాడు.

"కంచుకం అంటే పొడుగు అంగీ. అది తొడుక్కునేటోడు కంచుకి. రాణివాసంలోకి మగోళ్ళు పోకూడదు గదా... నమ్మకమైన ఈ ముసిలోడికి మాత్రం దారి ఉండాది. రాజు మాట లోపలికి, లోపలి మాట రాజుకి చేర్చాల. ఒక అక్షరం ఎక్కువ గాకూడదు, తక్కువ గాకూడదు."

నేను వెంటనే రాసిచ్చాను... 'మా ఇంటి కంచుకిని నేనే.'

తాత కాగితాన్ని వెలుతురులోకి జరిపి రెండుసార్లు చదివాడు. తర్వాత నవ్వి, "వాక్యం బాగుండాదప్పా" అన్నాడు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచీ నాకు గర్వం తలకెక్కింది. కొన్నాళ్ళకి తెలివి కూడా మీరింది... రోజూ అవే ప్రశ్నలు, అవే జవాబులు. మరి ఎందుకు తిరగడం? నడవా మధ్యదాకా వెళ్ళి, పది అంకెలు లెక్కపెట్టి, వెనక్కొచ్చి జవాబు చెప్పేసేదాన్ని. ఒక్కసారి కూడా దొరకలేదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి పిల్లతో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాను. అవ్వ పెరట్లో బండ మీద బట్టలు ఉతుకుతోంది. తాత కిటికీలోంచి పిలిచాడు.

"పాపా, మీ అవ్వను ఒకసారి ముందు గదిలోకి రమ్మను."

నాలుగేళ్ళలో ఎప్పుడూ అనని మాట అది. నాకది తట్టనే లేదు. తట్టిందల్లా, మధ్యలో వెళితే నా ఆట పోతుందన్నదే. గడపదాకా వెళ్ళాను... పది లెక్కపెట్టాను... కిటికీ దగ్గరికొచ్చాను.

"రానంటా ఉండాది తాతా."

ఆయన నా వైపు చూశాడు. "సరేలేప్పా, ఆడుకోపో" అన్నాడు.

దీపాలు పెట్టేవేళకి కాఫీ తీసుకెళ్ళాను. తాత కుర్చీలోనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఎన్నిసార్లు పిలిచినా తెరవలేదు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతో అవ్వ ఒకే మాట అనేది.

"ఒక్కసారి పిలిచింటే నేను పోయుండేదాన్ని గదా... పిలవనే లేదే మనిషి."

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి వినేదాన్ని. చెప్పలేదు. తొమ్మిదేళ్ళప్పుడు భయమేసి చెప్పలేదు. ఇరవై ఏళ్ళప్పుడు సిగ్గుతో చెప్పలేదు. తర్వాత... ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఏం చెప్పాలనుకున్నాడో, ఎందుకు పిలిచాడో ఇక ఎవరికీ తెలియదు. ఇప్పటికీ నిద్రపట్టే ముందు ఆ "సరేలేప్పా" నా చెవిలో పడుతుంది. ఆ మాటలో కోపముంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

పోయినేడు అవ్వ మహదేవపురలో మా ఫ్లాటులో మంచం పట్టింది. ఏ కాలంలో ఉందో ఆమెకు తెలిసేది కాదు. మధ్యాహ్నమయ్యేసరికి నా చెయ్యి పట్టుకుని అడిగేది.

"మీ తాత ఏమన్నా చెప్పి పంపినాడా పాపా?"

"లేదవ్వా" అనేదాన్ని. వారం రోజులు అలాగే అన్నాను. ఎనిమిదో రోజు ఆ మాట నోట్లోంచి రాలేదు.

"పంపినాడవ్వా. నిన్ను ఒకసారి ముందు గదిలోకి రమ్మన్నాడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

రమ్మన్నది తాత మాటే. 'ఇప్పుడే' అన్నది మాత్రం నా సొంతం. అక్కడ కూడా ఒక మాట కలిపాను.

అవ్వ కొంగు సర్దుకుంది. నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. ముప్పై ఏళ్ళలో ఆ ముఖం అంత తేటగా ఉండగా నేను చూడలేదు.

"వస్తా ఉండానని చెప్పుపో."

లేచాను. నిజంగానే హాల్లోకి నడిచాను. సోఫా, టీవీ, కిటికీ అవతల రింగు రోడ్డు... ఎవరికి చెప్పను? పది లెక్కపెట్టి వెనక్కొచ్చాను. "చెప్పినానవ్వా" అన్నాను. ఆ ఆదివారం ఆమె వెళ్ళిపోయింది.

ఇప్పుడెవరూ పిల్లల చేత కబుర్లు పంపడం లేదు. నా కూతురు పక్క గదిలోంచే నాకు మెసేజి పెడుతుంది. నేను చూశానో లేదో కూడా దానికి తెలిసిపోతుంది. ఆ రోజుల్లో అవేవీ లేవు... నడవాలో తిరిగే పిల్లను నమ్ముకునేవాళ్ళు.

మీరూ చిన్నప్పుడు కబుర్లు మోసే ఉంటారు. గుర్తున్నవి రాయండి. చేర్చనివి ఉంటే అవి కూడా రాయండి. అవతలివాళ్ళు ఇంకా బతికే ఉంటే మాత్రం, ఇక్కడ రాయొద్దు... లేచి వాళ్ళ దగ్గరికే వెళ్ళండి.