పిన్ని నవ్వు తూకం

మా పిన్ని తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైంది. బజారులో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. కాటాలకు ముద్ర వేసేది కనుక అందరికీ ముద్రమ్మే. ఆమె సంచీ పట్టుకుని వీధి మలుపు తిరిగిందంటే కొట్లవాళ్లకు చెమటలు పట్టేవి. కాటా మీద తన తూకపు రాయి పెట్టి ముల్లు చూసేది. తేడా వస్తే కొట్టువాడు ఎన్ని కథలు చెప్పినా ఒకటే మాట: "రాయి అబద్ధమాడదు నాయనా. నీ కాటాదే తప్పు."

అంత గట్టి మనిషికీ ఒక పిచ్చి ఉండేది. నవ్వించే సైన్సు నవలలు. ఎత్తంటే భయపడే రాకెట్టు డ్రైవరు, బరువు తక్కువుండే గ్రహంలో కిలో ఉల్లిపాయలకు బస్తాడు తూచి ఇచ్చి దివాలా తీసిన వర్తకుడు, అంతా ఇదే గోల. నా చిన్నప్పుడు అవి చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వేది. "స్ప్రింగు కాటా వాడాడు వెధవ, తక్కెడ వాడుంటే బతికిపోయేవాడు" అని మళ్లీ నవ్వేది.

ఇన్నేళ్లకు అటక మీంచి ఆ నవలలు దింపింది. సరదాకి కాదని నాకు తర్వాత తెలిసింది. మా అమ్మమ్మకు మతిమరుపు జబ్బు వచ్చినప్పుడు మొదట పోయింది నవ్వే. ఎవరైనా జోకు వేస్తే బిక్కమొహం వేసుకుని చూసేది. చివరికి కన్నకూతురినే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. ఆ కూతురు మా పిన్నే. ఈమధ్య తాళాలు ఎక్కడ పెట్టిందో, ఎవరి పేరేమిటో మరిచిపోతోంది కనుక తనను తానే పరీక్షించుకుంటోంది. నవల రాయి, తాను కాటా. ముల్లు కదలడం లేదు.

"నవ్వు రావట్లేదే," అంది నాతో. "వరసపెట్టి చదువుతున్నాను. ఒక్కచోట కూడా రాలేదు."

"పుస్తకాలే పాతబడ్డాయేమో," అన్నాడు బాబాయి.

"రాయి అరిగిపోయిందని చెప్పే కొట్టువాళ్లని ఎంతమందిని చూళ్లేదు నేను!" అని కసిరింది.

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు తెలివి పుట్టుకొస్తుంది. పుస్తకం లాక్కుని మధ్యలో తెరిచి, "తర్వాత ఏమవుతుందో చెప్పు చూద్దాం," అన్నాను. గడగడా చెప్పేసింది. ఇంకో పేజీ తీశాను. అదీ చెప్పింది.

"జోకు ముందే తెలిసిపోతుంటే నవ్వెలా వస్తుంది పిన్నీ? నవ్వు రావట్లేదంటే అంతా గుర్తుందన్నమాట. నువ్వు కాటాని తిరగేసి చూస్తున్నావు."

ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుంది. "నీ నోట్లో పంచదార పొయ్య," అంది. ఆ పూట ముగ్గురం కడుపునిండా అన్నం తిన్నాం.

వారం తిరక్కుండానే, నేనూ బాబాయీ వంటింట్లో బఠాణీలు ఒలుస్తుంటే ముందు గదిలో పిన్ని పకపకా నవ్వింది. నా చిన్నప్పటి నవ్వే. బాబాయి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఏమిటే అంత నవ్వు?" అన్నాడు బాబాయి.

"ఈ రోబో చూడండి! యజమాని సెలవివ్వలేదని తనకు తనే జ్వరం సర్టిఫికెట్టు రాసుకుంది!"

మొన్న నేను పుస్తకం లాక్కున్నప్పుడు గడగడా అప్పజెప్పింది ఆ రోబో కథే.

ఇద్దరం వెళ్లి గుమ్మంలో నిలబడ్డాం. నవ్వుదామని చూశాం, రాలేదు. పిన్ని నవ్వుతూనే మా ఇద్దరి మొహాలూ చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇది నేను ఇంతకుముందు చదివానా?"

"లేదు లేదు, ఇది కొత్తది," అన్నాడు బాబాయి వెంటనే. అట్ట ఊడిపోయిన పుస్తకం అది.

ఆమె ఆయన మాట వినిపించుకోలేదు. నా వైపే చూస్తోంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"చదివావు పిన్నీ," అన్నాను.

పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "రేపు డాక్టరు దగ్గరికి నువ్వు రా. ఈయన వద్దు, అబద్ధమాడేస్తాడు."