జీపులో బరువు

మెదక్ బస్టాండులో నర్సాపూర్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒక నడివయసు ఆమె ఎడమ చేతికి కట్టుతో కూర్చుని ఉంది. కొత్తవాళ్లతో నేను మాట్లాడను. కట్టు వైపు చూస్తుంటే ఆమే మొదలుపెట్టింది.

"జీపులకెళ్లి కింద పడ్డ, బిడ్డా. హైదరాబాద్ పిలగాండ్లు అడవిల బండల మీద కొత్త జీపులు ఎక్కిచ్చి చూస్తరు. నాలుగు చక్రాలు గుంజే బండ్లు. బరువుతోని ఎక్కుతదా లేదా చూడాలె గదా, కూలిచ్చి వెనక మమ్ముల కూసోబెడ్తరు."

"బరువుకి ఇసుక బస్తాలు పెట్టొచ్చు కదా?" అన్నాను, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా.

"పెట్టిండ్రు. బండి ఒరిగితె జారి కింద పడ్డయి. మనుషులైతే వాళ్లే పట్టుకుంటరు గదా!" అని పకపకా నవ్వింది.



ఆమె నవ్వు ఆపింది. "ఇయ్యాల గూడ రమ్మన్నరు. ఒంటి చేత్తోని పట్టుకోవాలె. సదువుకున్న పిల్లవు, చెప్పు. పోవాల్నా, వద్దా?"

నేను చేతిలోని టికెట్టు మడతపెడుతూ కూర్చున్నాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ ఉంది. అడవి దగ్గర బస్సు ఆగితే, కొంగు సర్దుకుని దిగిపోయింది.

వద్దు అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఇంటికొచ్చాక డైరీలో రాసుకున్నాను.