భైరవపాలెం దగ్గర స్టీరింగ్ చేతులు మారింది

2023 వేసవిలో, చెన్నై నుంచి విశాఖపట్నానికి ఒక యాట్‌ని చేర్చే పని వచ్చింది. యాట్ అంటే డబ్బున్నవాళ్ళు సరదాకో, పందేలకో కొనుక్కునే తెరచాప పడవ. కొన్నాయనకి దాన్ని ఒక రేవు నుంచి ఇంకో రేవుకి నడుపుకుంటూ పోయే తీరిక ఉండదు కాబట్టి మాలాంటి వాళ్ళని పెట్టుకుంటాడు. మా వృత్తిలో దీన్ని డెలివరీ అంటాం. వంటిల్లు, పడకలు, స్నానాలగది అన్నీ ఉన్న ఆ పడవకి మేం ముగ్గురమే మనుషులం.

నాది నర్సాపురం. మా నాన్నకి అక్కడ బట్టల కొట్టు ఉంది. సముద్రం మీద బతికేవాళ్ళు మా ఇంటా వంటా లేరు. విశాఖలో ఇంజనీరింగ్ చదువుతూ సెయిలింగ్ క్లబ్బులో చేరాను. అక్కడ పట్టిన పిచ్చి ఇక వదల్లేదు. గోవాలో పర్యాటకుల్ని తిప్పే పడవల మీద మొదలుపెట్టి మాల్దీవులు, ఫుకెట్, ఒక ఏడాది గ్రీసు దీవుల దాకా వెళ్ళాను. బయటివాళ్ళకి ఫోటోల్లో కనిపించేది నీలంరంగు నీళ్ళు. మా పని చాలావరకు డెక్కు కడగడం, తాళ్ళు చుట్టడం, ఉప్పు పట్టిన ఇత్తడిని తోమడం, వంతులవారీగా నిద్రపోవడం. ఎక్కడున్నా రేవు దగ్గరపడి సిగ్నల్ రాగానే మా నాన్న ఫోన్ చేసి, ఒడ్డు కనిపిస్తోందా అని అడుగుతారు. కనిపిస్తోందంటే గాని ఆయన భోజనానికి లేవరని అమ్మ చెప్పేది.

ఆ ప్రయాణంలో మా స్కిప్పర్ థామస్ గారు. స్కిప్పర్ అంటే పడవకి కెప్టెన్. కొచ్చి మనిషి, అరవై దాటిన వయసు, తక్కువ మాట్లాడతారు. నా కంటే ముందు నుంచీ ఆయన దగ్గర పనిచేస్తున్న నితిన్‌ది పుణె. మా ముగ్గురి మధ్య ఇంగ్లీషే నడిచేది. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

చెన్నై దాటాక దక్షిణపు గాలి వెనక నుంచి బాగా తోసింది. వెనక గాలి హాయిగా ఉంటుందని చూసేవాళ్ళు అనుకుంటారు గానీ మాకు అదే భయం. పెద్ద తెరచాప అడుగున బూమ్ అని పొడవాటి లోహపు దూలం ఉంటుంది. గాలి గనక తెరచాప వెనకవైపుకి చేరిందా, ఆ దూలం పడవకి ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒక్క ఊపున కొట్టుకుపోతుంది. దారిలో తల ఉంటే అంతే సంగతులు. అందుకే దాన్ని ప్రివెంటర్ అనే తాడుతో ముందుకి లాగి కడతాం.

ఒకరోజు ఉదయం అంతర్వేదికి దూరంగా, ఒడ్డు కనిపించనంత లోతులో వెళ్తున్నాం. తెరచాప సర్దడానికి ఆ తాడు విప్పాం. సరిగ్గా అప్పుడే ఒక కెరటం పడవ వెనకభాగాన్ని ఎత్తి పక్కకి తిప్పింది. బూమ్ ఊడిపడ్డట్టు వచ్చింది. థామస్ గారు వంగారు గానీ పూర్తిగా వంగలేకపోయారు. దూలం అంచు చెవి పైభాగాన్ని రాసుకుంటూ పోయింది. ఆయన కూలబడ్డారు.

నేను అందుకునే లోపే లేచి కూర్చున్నారు. రక్తం లేదు. చెవి మీద చిన్న బొప్పి కట్టింది. మంచినీళ్ళు తాగి, తనకేం కాలేదనీ, ముందు తెరచాప సంగతి చూడమనీ చెప్పారు. పెద్ద తెరచాప దింపేసి, ముందున్న చిన్న తెరచాపతోనే సాగాం. కాసేపటికి ఆయన నల్లద్దాలు పెట్టుకుని మళ్ళీ స్టీరింగ్ దగ్గరికి వచ్చారు. ముగ్గురం నవ్వుకున్నాం కూడా.

ఆ తర్వాత జరిగినవి విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే. బ్యాటరీలు ఛార్జి అయ్యాయా అని అడిగారు. అయ్యాయని చెప్పాను. ఇంకాసేపటికి అదే మాట అదే గొంతుతో మళ్ళీ అడిగారు. అన్నం వద్దన్నారు. తర్వాత పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకున్నారు. సముద్రం మీద ఆయనకి కడుపులో తిప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఎండ దెబ్బ అయ్యుంటుందన్నాడు నితిన్. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ చేస్తున్న పని మీద మనసు నిలవలేదు. ఒక తాడునే చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. కళ్ళు మాత్రం ఆయన మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం దాటాక పడవ ముందుభాగం ఎడమకి, అంటే భూమి వైపుకి తిరుగుతోందని గమనించాను. మేం పోవాల్సింది ఈశాన్యానికి. ఎందుకు తిరిగామని అడిగితే, కెరటాలు ఎక్కువగా ఉన్నాయి, ఒడ్డు చాటున వెళ్దాం అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆ తీరం సంగతి ఎవరు చెప్పినా ఒకటే చెబుతారు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటుని మావైపు మొగ అంటారు. మొగల ముందు ఇసుక మేటలు ఏడాదికోచోట లేస్తాయి, మునుగుతాయి. నిరుడు లోతున్నచోట ఈ ఏడు కొంగలు నిలబడి ఉంటాయి. వేటపడవలు తేలిగ్గా దాటిపోతాయి. మా పడవకి అడుగున కీల్ అని మనిషెత్తుకి మించిన బరువైన రెక్క ఉంది. అది ఇసుకలో దిగబడిందంటే కెరటాలు పడవని పక్కకి పడేసి కొడతాయి.

నీళ్ళ రంగు మారింది. నీలం పోయి పచ్చన, పచ్చన పోయి మట్టిరంగు. ఒడ్డు సన్నటి గీతలా కనిపించింది. అటు ఉన్నది భైరవపాలెం మొగ అని మ్యాపులో చూశాను. లోతు చూపించే డెప్త్ సౌండర్ మీద అంకె తగ్గుతూ పోతోంది. మెల్లగా నితిన్ పక్కకి వెళ్ళి, థామస్ గారి చేతిలోంచి స్టీరింగ్ తీసుకోవాలన్నాను. నితిన్ మొహం మాడిపోయింది.

"పడవ మీద ఆయన మాటే చివరి మాట. నేను నేర్చుకున్నదే ఆయన దగ్గర. ఆయన మీదికి నేను చెయ్యెత్తలేను," అన్నాడు.

అతన్ని తప్పు పట్టలేను. సముద్రం మీద స్కిప్పర్ మాట కాదన్నవాళ్ళకి తర్వాత ఎవరూ పని ఇవ్వరు. ఒకవేళ ఆయన బాగానే ఉండి, నేనే భయపడి గొడవ చేస్తున్నానేమో. ఆయన చెప్పినట్టే ఇసుక తప్పించుకుని పోగలరేమో. ఆ అనుమానం నన్నూ పట్టి ఆపింది.

ఒడ్డు దగ్గరపడింది కాబట్టి ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. వచ్చీరాగానే నాన్న ఫోన్. తర్వాత చేస్తానని పెట్టేసి, కింద గదిలోకి దిగి, కాకినాడలో నర్సుగా పనిచేసే మా పెద్దమ్మ కూతురు లక్ష్మక్కకి చేశాను. గబగబా అంతా చెప్పాను. అక్క మధ్యలో అడ్డురాలేదు.

"వాంతి ఒక్కసారేనా? అడిగిందే అడుగుతున్నారా?" అంది.

"అవునక్కా. ఇప్పుడు దారి కూడా తప్పిస్తున్నారు. బాగానే ఉన్నానంటారు."

"తలకి దెబ్బ తగిలినవాళ్ళందరూ అదే అంటారమ్మా. లోపల రక్తం చేరుతుంటే ముందు బాగానే ఉంటారు, తర్వాత ఒక్కసారిగా పడిపోతారు. కళ్ళు చూశావా? కంటిపాపలు రెండూ ఒకేలా ఉన్నాయా?"

"నల్లద్దాలు పెట్టుకున్నారు. తీయట్లేదు."

"సరే. పడవ పేరేంటి, పక్కనున్నది ఎవరు, ఎక్కడికెళ్తున్నాం, ఈ మూడూ అడుగు. ఏ ఒక్కటి తేడాగా చెప్పినా ఆగకు మాధూ. నిద్రపోనివ్వకు. రేవులోకి అంబులెన్సు నేను పంపిస్తాను, నువ్వు తీసుకురా అంతే."

పైకి వచ్చాను. థామస్ గారి ఎదురుగా నిలబడి, సార్, మూడు ప్రశ్నలు అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు అన్నాను.

"నాకు పరీక్ష పెడుతున్నావా?" అన్నారు. గొంతు గట్టిగానే ఉంది. నితిన్ తల దించుకున్నాడు.

పడవ పేరు అడిగాను. సరిగ్గా చెప్పారు. మేమెవరమని అడిగితే నా పేరు చెప్పారు, నితిన్ పేరు చెప్పారు. నితిన్ గట్టిగా ఊపిరి వదిలాడు. నేనే పొరబడ్డానేమో అనిపించింది. ఇక నా దగ్గర ఒక్క ప్రశ్నే మిగిలింది. ఎక్కడికి వెళ్తున్నాం సార్ అని అడిగాను.

"కొచ్చికి. అదిగో ఒడ్డు. పోటు మీద లోపలికి పోవాలి, ఆలస్యమైతే నీళ్ళు తీసేస్తాయి," అన్నారు.

ఆయన మా ఇద్దరి మొహాలూ చూశారు. తను అన్నదాంట్లో ఏదో తేడా ఉందని మా మొహాల్లో చదువుకున్నారు. అదేమిటో మాత్రం అందలేదు. దిక్సూచి చూశారు, ఎండ ఎటుందో చూశారు. స్టీరింగ్ ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"సార్, ఇది కొచ్చి కాదు," అన్నాను. "ఇది మా గోదావరి. మనం కాకినాడ దగ్గరున్నాం. ముందు ఇసుక ఉంది."

ఆయన పక్కకి వంగి నీళ్ళు చూశారు. చాలాసేపు చూసినట్టనిపించింది. మాకు ఒక పద్ధతి ఉంది. స్టీరింగ్ ఇచ్చేవాళ్ళు 'నీ చేతిలో' అనాలి, తీసుకునేవాళ్ళు 'నా చేతిలో' అని పైకి చెప్పాలి. అలా చెప్పుకోకుండా ఎవరూ చెయ్యి వదలకూడదు. మాకు నేర్పింది ఆయనే. తల పైకెత్తి, నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "మాధురీ, నీ చేతిలో," అన్నారు.

"నా చేతిలో," అన్నాను.

అప్పుడు వదిలారు. కూర్చుని అద్దాలు తీసి కళ్ళు నులుముకున్నారు. ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా ఉంది. అది నితిన్ కూడా చూశాడు. ఇక ఏమీ అనకుండా ముందుకి పరిగెత్తి తెరచాప చుట్టేశాడు. నేను ఇంజన్ వేసి పడవని లోతు వైపుకి తిప్పాను. తిరుగుతుండగా కింద బరబరమని చప్పుడైంది. కీల్ ఇసుకని దున్నుతోంది. పడవ నడక మందగించి, దాదాపు ఆగింది. ఇంజన్ పూర్తి బలంతో పనిచేస్తున్నా ముందుకి కదలట్లేదు. వెనక నుంచి ఒక పెద్ద కెరటం వచ్చి పడవని లేపింది. ఆ లేపడంలోనే ముందుకి జారి బయటపడ్డాం.

రేడియోలో కాకినాడ పోర్టు వాళ్ళని పిలిచాను. రేవు ముందున్న హోప్ ఐలాండ్ అనే దీవి చివర దాకా తీసుకొస్తే ఎదురుగా స్పీడు బోటు పంపుతామన్నారు. అక్కడికి చేరేదాకా నాకు రెండే గుర్తున్నాయి. ఒకటి, పడమట భూమి మీద నల్లగా లేస్తున్న మబ్బు. వేసవి సాయంత్రాల్లో మావైపు వచ్చే గాలివాన అది. రెండోది, నితిన్ గొంతు. థామస్ గారి తల ఒళ్ళో పెట్టుకుని ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. మొదటి పడవ ఏది, పందెం ఎక్కడ గెలిచారు, కొచ్చిలో చేపల పులుసు ఎలా వండుతారు. మొదట్లో జవాబులు వినిపించాయి. తర్వాత ఊఁ అనడమే. తర్వాత నితిన్ గొంతు ఒక్కటే వినిపించింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చేతులు పనిచేయవనిపించింది.

దీవి చాటున నీళ్ళు కాస్త నిమ్మళించాయి. బోటువాళ్ళు ఆయన్ని స్ట్రెచర్‌కి కట్టి దింపుకుంటుంటే చినుకులు మొదలయ్యాయి. నితిన్ ఆయనతో వెళ్ళాడు. గాలివాన మీదికి వచ్చేసరికి నేను ఒక్కదాన్నే లంగరు వేసుకుని కూర్చున్నాను. ఏడ్చానో లేదో తెలియదు, మొహమంతా వాన నీళ్ళే. వాన తగ్గాక నాన్నకి ఫోన్ చేసి, ఒడ్డు కనిపిస్తోందని చెప్పాను.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. పుర్రెలో చేరిన రక్తం తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదని డాక్టర్లు అన్నారని లక్ష్మక్క చెప్పింది. ఆయన కోలుకున్నారు గానీ ఎడమచేతిలో పట్టు పూర్తిగా రాలేదు. మళ్ళీ పడవ నడపలేదు.

కొన్నాళ్ళకి కొచ్చి వెళ్ళి చూశాను. దెబ్బ తగిలినప్పటి నుంచి ఆసుపత్రిలో కళ్ళు తెరిచేదాకా ఆయనకి ఏమీ గుర్తులేదు. జరిగిందంతా నా చేత చెప్పించుకున్నారు.

"నేను వదలనని ఉంటే ఏం చేసేదానివి?" అని అడిగారు.

తెలియదు సార్ అన్నాను. అది నిజం. ఆయన తల ఊపారు.

"నిన్ను ఆ ఇరకాటంలో పెట్టాల్సింది కాదు," అన్నారు. "నా మాట ఎప్పుడు వినకూడదో తల బాగున్నప్పుడే నేను మీకు చెప్పి ఉండాల్సింది. దెబ్బ తగిలాక చెప్పడానికి ఆ మనిషి ఉండడు కదా."

ఇప్పుడు నేనే స్కిప్పర్‌ని. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, మంటలు వస్తే ఏం చేయాలో అందరూ చెప్పేవే. వాటితోపాటు నేను ఇంకొకటి చెబుతాను. నాకు దెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా, నిద్రలేక మాట తడబడినా స్టీరింగ్ ఎవరు తీసుకోవాలో పేరుపెట్టి చెబుతాను. తీసుకున్నందుకు తర్వాత వాళ్ళని ఒక్క మాట కూడా అననని అందరి ముందూ చెబుతాను. పడవల మీద నేను నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. ఎదురుచెప్పే ధైర్యం కిందివాళ్ళలో ఉందా లేదా అని చూడకూడదు. ఆ హక్కు పైవాళ్ళే ముందుగా వాళ్ళ చేతిలో పెట్టాలి.

ఈమధ్య ఒక డెలివరీకి కొత్తగా వచ్చినాయన, నాకంటే పెద్దవాడు, ఈ మాట విని నవ్వాడు. బాగానే ఉంది మేడమ్, కానీ ఆ టైములో మీరే ఇవ్వనంటే మేమేం చేయాలండీ అని అడిగాడు.

"అప్పుడు నేనేం చెప్పినా వినకండి," అన్నాను. "ఇప్పుడు చెబుతున్నది వినండి."