సూసన్న నింపిన రెండు పేజీలు

ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో సూసన్న చేత టైపు కొట్టించుకోని రీసెర్చి కుర్రాడు లేడంటే నమ్మండి. రైల్వే ఆఫీసులో హెడ్ టైపిస్టుగా చేసిన వాళ్ల నాన్న దగ్గర నేర్చిన పని అది. ఉన్నది ఉన్నట్టు దించాలి, అక్షరం మారిస్తే తప్పు. ఆయన నేర్పిన చదువంతా అదే. కొట్టిన ప్రతి కాగితానికీ ఒక కార్బన్ కాపీ ట్రంకుపెట్టెలో దాచేది, మహాతల్లి!

ఎనభై ఏడు వానాకాలంలో మురళీ చేత్తో రాసిన ఒక వ్యాసం టైపుకి తెచ్చాడు. గుంటూరు నుంచి వచ్చి అక్కడి ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లాడు. ఆదివారాలు సూసన్న ఇంట్లోనే భోజనం. ఆ వ్యాసం జర్నల్లో అచ్చయితేనే అతనికి డిగ్రీ. ఇంతలో చెల్లెలికి ఒంట్లో బాగాలేదని టెలిగ్రాం వచ్చింది. వ్యాసంతో పంపే ఉత్తరం మీద ముందే సంతకం పెట్టేసి, "మీరే పోస్టు చేసెయ్యండి ఆంటీ" అని రైలెక్కేశాడు.

తీరా చూస్తే రెండు పేజీలు వానకి తడిసి సిరా అలుక్కుపోయింది. గడువేమో ఎల్లుండే. ప్రయోగం ఎలా చేశారో రాసిన పేజీలవి. ల్యాబులో మురళీ వాడిన యంత్రం మీదే అంతకుముందు పనిచేసిన సీనియర్ వసంత వ్యాసం కార్బన్ కాపీ పెట్టెలో ఉంది కదా! యంత్రం ఒకటే అయినప్పుడు మాటలు వేరే ఎందుకు అనుకుంది సూసన్న. వసంత పేజీలు రెండూ దించేసి పోస్టు చేసేసింది. మురళీ తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పాలని కూడా ఆవిడకి తోచలేదు. అతనూ మళ్లీ చదువుకోలేదు.

ఏడు నెలలకి ఎడిటర్ ఉత్తరం వచ్చింది. ఆ రెండు పేజీలూ వసంత అచ్చువేసిన వ్యాసంలోవే, మాటకు మాట, ఇది చౌర్యం, మీ సంస్థకూ తెలియజేశాం అని. మురళీ ఆ కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"నేనే కొట్టినాను బాబూ! మంచికే అనుకున్నాను. ఇందులో దొంగతనం ఏటుంది?" అని సూసన్న ఘొల్లుమంది.

తప్పు తనదేనని ఎడిటర్‌కి రాసి సంతకం చేసింది. నెలన్నరకి జవాబొచ్చింది. తన పేరుతో పంపిన ప్రతి మాటకూ రచయితదే పూచీ, టైపిస్టు మీద నెట్టడం చెల్లదు. పోనీ ఆ ఎడిటర్‌ని తిడదామా అంటే ఆయన అన్నదీ నిజమేనాయె! సంస్థ మురళీ పీహెచ్‌డీ సీటు రద్దు చేసింది. సూసన్నకి వారంరోజులు ముద్ద దిగలేదు.

పెట్టె సర్దుకుని చెప్పిపోవడానికి వచ్చాడు మురళీ. ఆవిడ వడ్డించిన అన్నం ముట్టుకోలేదు.

"ఒక్కటి అడుగుతాను ఆంటీ. ఇలా ఇంకెవరికైనా నింపారా?"

సూసన్న దాచలేదు. "ఇద్దరికి బాబూ. ఆళ్లిప్పుడు ప్రొఫెసర్లయిపోనారు."

మురళీ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సూసన్న పోయేదాకా ఒక్క కార్డుముక్క కూడా రాయలేదు.